స్థానభ్రంశ చర్య: ఇనుప మేకుకు రాగి పూత

సంయోగం (పదార్థాలు కలవడం), వియోగం (ఒక పదార్థం విడిపోవడం) పిల్లలకు తేలిగ్గానే అర్థమవుతాయి. స్థానభ్రంశం, అంటే ఒక లోహం మరో లోహాన్ని నెట్టి దాని చోటు తీసుకోవడం, మాత్రం కళ్లారా చూడాల్సిందే. చెన్నైలో ప్యారీస్ కార్నర్ వైపు కెమికల్ షాపుల్లో మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, దొరుకుతుంది.

గాజుగ్లాసులో 100 మి.లీ. క్యాన్ నీళ్లు పోసి అర టీస్పూను (సుమారు 2 గ్రా.) మైలుతుత్తం కరిగించండి. బోరునీళ్లు వద్దు, కఠినజలంలో ద్రావణం మసకబారుతుంది. మేకును ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, దారంతో ఆ ద్రావణంలోకి వేలాడదీయండి. అరగంటలో ఎర్రటి పొర కనిపిస్తుంది: ఇనుము ద్రావణంలోకి దిగి రాగిని బయటికి నెట్టిందన్నమాట. నీలిరంగు వెలవడానికి గంటలు పడుతుంది.

సముద్రపు గాలికి మేకులు ఇట్టే తుప్పు పడతాయి. అది పూర్తిగా పోకపోతే పొర మచ్చలుగా వస్తుంది. జింకు పూత మేకైతే నల్లటి మడ్డి పడుతుంది, ముందు చర్య జరిపేది జింకే కనుక.

మైలుతుత్తం విషం. పెద్దలు పక్కనుండాలి, ఆ గ్లాసు మళ్లీ తాగడానికి వాడొద్దు, ద్రావణం మొక్కలకు పోయొద్దు.