అన్నీ కలిపిన రిసార్టు ప్యాకేజీ మన ఇంటి బడ్జెట్‌కు సరిపోతుందా?

తిరుపతిలో కాపురం ఉండేవారికి వేసవి సెలవులంటే దర్శనానికి వచ్చే బంధువుల రాకపోకలే. ఏప్రిల్, మే నెలల్లో నలుగురికి వండే పొయ్యి మీద పదిమందికి వండిన ఇల్లాలు, బడులు తెరవకముందు రెండు రోజులైనా వంటింటి ముఖం చూడకుండా గడపాలనుకోవడం న్యాయమైన కోరిక. గది, భోజనం, ఆటలు అన్నీ ఒకే ధరకు ఇస్తామనే రిసార్టు ప్యాకేజీ మనల్ని ఆకర్షించేది అందుకే. అయితే ఆ విశ్రాంతికి ఎంత వెల కడుతున్నామో అడ్వాన్సు పంపకముందే తెలిసి ఉండాలి.

రిసార్టువారు పంపిన జాబితాను పక్కన పెట్టి, ముందుగా ఒక కాగితం మీద మీ ఇంట్లో ఎవరు ఏ పూట ఏమి తింటారో రాసుకోండి. మా అత్తగారు రాత్రిపూట పెరుగన్నం తప్ప మరేదీ ముట్టరు. మా చిన్నపాప ఎంత పెద్ద బఫే ముందు నిలబెట్టినా ఒక పుల్కా, ఒక ఐస్‌క్రీముతో లేచిపోతుంది. ప్యాకేజీలో మాత్రం పెద్దావిడకు నిండు భోజనం వెల, పాపకు పిల్లల ధర పడుతూనే ఉంటాయి. మద్యం కూడా కలిపిన ప్యాకేజీ అయితే, దాన్ని ముట్టని కుటుంబం కూడా ఆ ఖర్చులో వాటా మోస్తుంది.

తరువాత చూడవలసినవి ప్యాకేజీ పేరులోని పొడి అక్షరాలు. మన హోటళ్లలో ఈపీ అంటే గది మాత్రమే, సీపీ అంటే గదితో పాటు ఉదయం టిఫిన్, ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు మరొక పూట భోజనం, ఏపీ అంటే మూడు పూటలా భోజనం. ఏపీ అని ఉన్నంత మాత్రాన అన్నీ కలిసినట్లు కాదు. సాయంత్రం కాఫీ, సీసా నీళ్లు, పడవ షికారు వంటివి అందులో ఉన్నాయో లేదో విడిగా అడగాలి. ‘రెండు రాత్రులు, మూడు పగళ్లు’ అన్న మాటను గంటల్లోకి మార్చి చూడాలి. మొదటి రోజు మధ్యాహ్నం 2 గంటలకు గది ఇచ్చి మూడో రోజు ఉదయం 11 గంటలకు ఖాళీ చేయిస్తే మనకు దక్కేది 45 గంటలే. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మధ్యాహ్న భోజనం దారిలోనే అయిపోతుంది కాబట్టి, టిఫిన్లు కాక అక్కడ తినేది మూడు భోజనాలే.

ఇప్పుడు లెక్క వేద్దాం. దంపతులు, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబానికి ఒక ప్యాకేజీ పన్నులతో కలిపి 32,000 రూపాయలు చెప్పారనుకుందాం. అదే రిసార్టులో టిఫిన్‌తో గది రోజుకు 7,000 అయితే, 5 శాతం జీఎస్టీతో రెండు రాత్రులకు 14,700 అవుతుంది. బయట మంచి హోటల్లో మనిషికి 400 చొప్పున మూడు భోజనాలకు 4,800, కాఫీ, చిరుతిళ్లకు 1,000, పిల్లల ఆటలకు 2,000 కలిపితే మొత్తం 22,500. తేడా 9,500 రూపాయలు. దగ్గరలో తినడానికి వేరే చోటు లేక, రిసార్టులోనే మనిషికి 700 పెట్టి తినవలసి వస్తే మొత్తం 26,100కు చేరి, తేడా 5,900కు తగ్గుతుంది. ఊరికి దూరంగా ఉన్న చోట ప్యాకేజీ బేరం కాస్త న్యాయంగా ఉండేది ఇందువల్లనే. మిగిలిన ఆ తేడాను నిశ్చింత కోసం కట్టగలమా లేదా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన విషయం. వంట బరువు మోసేవారి మాటకు అక్కడ ఎక్కువ విలువ ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

పన్ను విషయంలో ఒక గీత ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,500 గది పన్నుతో 7,875 అయితే, 7,600 గది 8,968 అవుతుంది. వంద రూపాయల తేడా వెయ్యి దాటిపోతుంది కనుక, చెప్పిన ధరలో పన్ను కలిసిందో లేదో అడగకుండా ఏ రెండు ధరలనూ పోల్చకూడదు.

మేము ఒకసారి చెన్నై దాటి సముద్రతీరంలోని ఒక రిసార్టుకు వెళ్లాము. దారిలో ఆలస్యమై చేరేసరికి రాత్రి పదయింది. బఫే అప్పటికే మూసేశారు. డబ్బు ముందే కట్టిన భోజనం పోగా, గదికి తెప్పించుకున్న ఇడ్లీలకూ, మా అత్తగారు అడిగిన గ్లాసు వేడిపాలకూ చివరిరోజు విడిగా బిల్లు వచ్చింది. ఆ బిల్లులో పాల కింద సర్వీసు రుసుము అంటూ మరో వరుస కూడా ఉంది. అప్పటి నుంచి బఫే వేళలు, పిల్లలకు ఏ వయసు వరకు సగం ధర, అదనపు పరుపు ఖర్చు, గదికి తెప్పించుకునే వాటి సంగతి అన్నీ ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే డబ్బు కడుతున్నాము.

మాల్దీవులకు వెళ్లదలచినవారు మరింత జాగ్రత్తపడాలి. అక్కడి రిసార్టుల్లో 2025 జనవరి నుంచి మనిషికి రాత్రికి 12 డాలర్ల హరిత పన్ను ఉంది. అంటే నలుగురికి మూడు రాత్రులకు 144 డాలర్లు. విమానాశ్రయం నుంచి దీవికి చేర్చే స్పీడు బోటు లేదా సీప్లేన్ ఖర్చును చాలా చోట్ల విడిగా వసూలు చేస్తారు.

దగ్గరలోనే చల్లదనం చాలనుకునేవారు పీలేరు, మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్ వెళ్లి, పర్యాటక శాఖవారి హరిత హోటల్లో ప్యాకేజీ లేకుండా గది తీసుకుని, తిన్నదానికే డబ్బు కట్టవచ్చు. పొద్దున్నే కొండ అంచున నడవడమే ముఖ్యమైన చోట ప్యాకేజీ అవసరం నాకు కనిపించలేదు.

చివరగా తేదీల సంగతి. రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని ధర చవకగా కనిపిస్తుంది గాని, ఎప్పుడు ఎవరు దర్శనానికి వస్తారో తెలియని మన ఊరివారికి అది ప్రమాదం. దేవస్థానం 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దాదాపు మూడు నెలల ముందుగా విడుదల చేస్తుంది. అవి విడుదలైన వారంలో దగ్గరి బంధువులకు ఫోన్ చేసి, వారి తేదీలు క్యాలెండరులో గుర్తుపెట్టుకుని, ఖాళీగా మిగిలిన రోజులకే గది బుక్ చేసుకోండి.