సీబీపీ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: కణం సైజు

ఈ పాఠానికి ఇంట్లో ఉన్న పాత సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు ఒకటి తీసి పక్కన పెట్టుకోండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ కూడా కావాలి.

పోయిన పాఠంలో హిమోగ్లోబిన్ చూశాం. పెద్దవాళ్లలో ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అనుకున్నాం. చాలామంది అక్కడే ఆగిపోతారు. "ఒంట్లో రక్తం లేదట" అనగానే బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు, మెడికల్ షాపులో ఐరన్ టానిక్. మా పిన్నికి అలాగే ఎనిమిది నెలలు టానిక్ పట్టించాం. హిమోగ్లోబిన్ కదల్లేదు, పైగా అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఆమెకు తగ్గింది ఐరన్ కాదు, బి12. ఆ సంగతి మొదటి రిపోర్టులోనే ఉంది, ఎంసీవీ అన్న వరుసలో. అప్పట్లో మాకెవరికీ దాన్ని చదవడం రాదు. ఈ పాఠాలు రాయాలనిపించింది అందుకే.

ఎంసీవీ అంటే ఒక్కో ఎర్రకణం సగటు పరిమాణం. మామూలుగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు ఉంటుంది. అది ఎందుకు మారుతుందో తెలియాలంటే ఒకసారి మూలుగలోకి వెళ్లిరావాలి.

నల్లి బొక్కలోంచి చప్పరించే మెత్తటి పదార్థమే మూలుగ. మనలో పెద్దవాళ్లకు రక్తం తయారయ్యేది ముఖ్యంగా వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకలు, కటి ఎముకల్లో ఉండే మూలుగలో. సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు పుడతాయి. ఒక్కోటి దాదాపు 120 రోజులు బతుకుతుంది.

పూరీలకు పిండి ముద్ద కలిపి ఉండలు చేయడం గుర్తు తెచ్చుకోండి. మూలుగలో తల్లికణం కూడా అలాగే రెండుగా, నాలుగుగా విడిపోతూ పోతుంది. విడిపోవాలంటే డీఎన్‌ఏకి నకలు తయారవ్వాలి, దానికి బి12, ఫోలిక్ యాసిడ్ కావాలి. అవి లేకపోతే ముద్ద పెరుగుతుంది గానీ ఉండలుగా తెగదు. దాంతో కణాలు పెద్దవిగా, కొద్దిగా వస్తాయి. ఐరన్ తగ్గినప్పుడు జరిగేది వేరు. లోపల హిమోగ్లోబిన్ నిండదు, నిండేలోపు కణం ఇంకోసారి విడిపోతుంది. అందుకే చిన్నగా, పాలిపోయి ఉంటాయి.

ఇప్పుడు లెక్క. పీసీవీ అంటే రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతం చోటు ఆక్రమించాయో చెప్పే అంకె, ఆర్‌బీసీ కౌంట్ అంటే ఎర్రకణాల సంఖ్య. పీసీవీని ఆర్‌బీసీ కౌంట్‌తో (మిలియన్లలో) భాగించి 10తో గుణిస్తే ఎంసీవీ. ఒక రిపోర్టులో హిమోగ్లోబిన్ 8.6, పీసీవీ 28.5, ఆర్‌బీసీ 4.10 అనుకుందాం. 28.5ని 4.10తో భాగిస్తే 6.95, అంటే ఎంసీవీ 69.5. కణాలు చిన్నవి. మొదటి అనుమానం ఐరన్ మీదే.

మొదటి అనుమానమే గానీ తీర్పు కాదు. ఇంకో రిపోర్టు చూడండి: హిమోగ్లోబిన్ 10.8, పీసీవీ 35, ఆర్‌బీసీ 5.60. ఎంసీవీ 62.5. కణాలు ఇంకా చిన్నవి, కానీ సంఖ్య మాత్రం దండిగా ఉంది. ఐరన్ లేని మూలుగ సాధారణంగా ఇన్ని కణాలు చేయలేదు. ఇక్కడ ఎంసీవీని ఆర్‌బీసీతో భాగించండి. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) క్యారియర్, అంటే ఆ జబ్బు జన్యువును మోస్తున్నవాళ్లు కావచ్చు. దీన్ని మెంట్జర్ ఇండెక్స్ అంటారు. మొదటి రిపోర్టుకు 17, దీనికి 11 వస్తాయి. ఇది ఒక సూచన మాత్రమే. తేల్చడానికి హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష ఉంది. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇంట్లో ఇలాంటి రిపోర్టు వస్తే ఆ పరీక్ష తప్పకుండా చేయించండి. భార్యాభర్తలిద్దరూ బీటా తలసీమియా క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం 25 శాతం.

పిన్ని రిపోర్టులో ఎంసీవీ 112. బి12 దొరికేది మాంసం, చేపలు, గుడ్లు, పాల పదార్థాల్లో. ఆమె శాకాహారి, పాలు కూడా సరిపడవు. ఇలాంటివాళ్లు బి12 చూపించుకోకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడకూడదు. రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. లివర్ జబ్బు, థైరాయిడ్ తగ్గడం, మద్యం వల్ల కూడా కణాలు పెద్దవవుతాయి.

ఒక చిక్కుంది. ఐరన్, బి12 రెండూ తక్కువైతే చిన్నవీ పెద్దవీ కలిసి సగటు 88 దగ్గర నిలబడి, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ చూడాలి. కణాల సైజుల్లో ఎంత తేడా ఉందో చెప్పే అంకె అది. సుమారు 14.5 దాటితే తేడా ఎక్కువని అర్థం.

అభ్యాసం: హిమోగ్లోబిన్ 10.1, పీసీవీ 31.5, ఆర్‌బీసీ 3.50, ఆర్‌డీడబ్ల్యూ 13. ఎంసీవీ కట్టండి. కణాలు మామూలు సైజులో, ఒకే తీరుగా ఉన్నా రక్తం ఎందుకు తగ్గిందో ఊహించి రాసిపెట్టుకోండి. చిన్న సాయం: మూలుగకు పని మొదలుపెట్టమని కబురు పంపే హార్మోన్ తయారయ్యేది కిడ్నీల్లో. 4వ పాఠం ఈ రిపోర్టుతోనే మొదలుపెడదాం.