టీఎల్‌ఎస్ పాఠం బుర్రకెక్కాలంటే

ఎంటెక్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీలో చాలామంది టీఎల్‌ఎస్ (బ్రౌజర్‌కీ వెబ్‌సైట్‌కీ మధ్య డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే ప్రోటోకాల్) హ్యాండ్‌షేక్, అంటే మొదట్లో రెండువైపులా కీలు కుదుర్చుకునే దశ, బొమ్మను బట్టీపట్టి పరీక్ష గట్టెక్కేస్తారు. దానికన్నా ఓ సాయంత్రం నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి చూపించే వైర్‌షార్క్‌తో కూర్చోండి. క్రోమ్ పూర్తిగా మూసేసి, ఎస్‌ఎస్‌ఎల్‌కీలాగ్‌ఫైల్ (SSLKEYLOGFILE) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెట్టే సెట్టింగ్) ఒక ఫైల్ పాత్ ఇచ్చి మళ్లీ తెరవండి. క్రోమ్ తన సెషన్ కీలను ఆ ఫైల్‌లో రాస్తుంది. వైర్‌షార్క్ ప్రిఫరెన్సెస్‌లో టీఎల్‌ఎస్ కింద అదే ఫైల్ చూపిస్తే, అప్పటిదాకా అర్థంకాని ప్యాకెట్లు విడిపోతాయి. (గూగుల్ సైట్లతో మొదలెట్టకండి, అవి వాడే క్విక్ (QUIC) అనే వేరే ప్రోటోకాల్ అడ్డొస్తుంది.) టీఎల్‌ఎస్ 1.2లో సర్వర్ సర్టిఫికెట్ బాహాటంగానే వెళ్తుంది. 2018లో వచ్చిన 1.3లో సర్వర్ హలో (సర్వర్ ఇచ్చే మొదటి జవాబు) తర్వాత అదీ ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. ఈ తేడా కళ్లారా చూస్తే ఇక మర్చిపోరు. క్యాప్చర్ మాత్రం మీ సొంత ల్యాప్‌టాప్ ట్రాఫిక్‌దే చేయండి, హాస్టల్ వైఫైలో పక్కవాళ్ల జోలికి వద్దు. పనయ్యాక ఆ ఫైల్, వేరియబుల్ రెండూ తీసేయండి. లేకపోతే మీ బ్యాంకు సెషన్ కీలు కూడా అందులోకే చేరతాయి.