గిట్టలు మడుచుకుని పుట్టిన దూడకు కట్టు, ఆపరేషన్

ముందుకాళ్ల గిట్టలు వెనక్కి మడిచి, గిట్ట పైకీలు ముందువైపు నేలకు ఆనించి నిలబడే దూడను మా ఆనందపురం వైపు "అవిటిది" అని తీసిపారేస్తారు. అంత తొందర వద్దు. నేను చూసినంతలో చాలావాటికి కట్టుతోనే కాళ్లు చక్కబడ్డాయి.

కాళ్ల సంగతి తర్వాత, ముందు దాని కడుపు చూడండి. లేవలేని దూడ పొదుగు అందుకోలేదు. ముర్రుపాలు పిండి, పీక సీసాతో పట్టండి. 25 కేజీల దూడకు రెండున్నర లీటర్లు, అందులో ఎక్కువ భాగం మొదటి 6 గంటల్లోపే పడాలి.

ఆ తర్వాత కాలు పట్టుకుని మెల్లగా చాపి చూడండి. మడత గిట్ట కొన మీద నిలబడేంత స్వల్పమైతే కట్టు అక్కర్లేదు. జారని నేల మీద తిరగనిస్తే చాలు. కీలు వేడిగా ఉబ్బి, జ్వరం కూడా ఉంటే మాత్రం అది బొడ్డు నుంచి పాకిన చీము కావచ్చు. దానికి కట్టు కట్టకూడదు, డాక్టరుగారికి చూపించాలి.

చేత్తో చాపితే కాలు నిటారుగా వస్తోందా? అయితే పీవీసీ పైపును నిలువునా చీల్చి, సగం ముక్క తీసుకోండి. అంచులు నున్నగా అరగదీయండి. గిట్ట పైకీలు ఒక్కటే మడిస్తే మోకాలి కింద నుంచి గిట్ట దాకా సరిపోతుంది. మోకాలూ వంగితే మోచేతి కింద దాకా ఉండాలి. కాలికి దూది మందంగా చుట్టి, పైపును వెనకవైపు పెట్టి బ్యాండేజీ కట్టండి. పైపు చివరల దగ్గర దూది ఇంకా ఎక్కువ పెట్టాలి, పుండ్లు పడేది అక్కడే. మన విశాఖ ఉక్కపోతకు, వానకు తడిసిన దూది కింద చర్మం ఇట్టే చెడుతుంది. అందుకే రోజూ వాసన చూడండి, కట్టు పైన వాపుందేమో తడమండి, రెండు మూడు రోజులకోసారి విప్పి కొత్తగా కట్టండి. దూడను లేపి నడిపించడం మానొద్దు. బరువు పడితేనే కాలి వెనక బిగిసిన నరం (కండను ఎముకకు కలిపే పట్టీ, స్పర్శ తెలిపే నరం కాదు) సాగుతుంది.

చేత్తో చాపినా కాలు రాకపోతే ఆపరేషనే. పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా విజయనగరం జిల్లా గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. మత్తిచ్చి, కాలి వెనక బిగిసిన నరాన్ని కోస్తారు. ఒకటి కోసినా చాలకపోతే లోపలిదీ కోస్తారు. ఎముకే వంకరైనా, కీలే బిగుసుకుపోయినా ఈ కోత పనిచేయదు. ఒప్పుకునే ముందు ఆ మాట డాక్టరుగారినే సూటిగా అడగండి. కోత తర్వాత కూడా కట్టు తప్పదు. కుట్లు విప్పేదాకా పొడి గడ్డి మీదే పడుకోబెట్టండి, పేడలో వద్దు.