మెదడును తెలుసుకుందాం – 4వ పాఠం: చిన్నమెదడు

పోయిన పాఠంలో పెద్దమెదడు భాగాలను తల మీద వేలితో చూపించడం నేర్చుకున్నాం. ఇవాళ వేలిని వెనక్కి తీసుకుపోదాం.

తల వెనుక నడిమధ్యలో, పైనుంచి కిందికి వేలు జార్చండి. ఒకచోట ఎముక కొద్దిగా ఉబ్బెత్తుగా తగులుతుంది. కొందరికి బాగా తెలుస్తుంది, కొందరికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. తొందరపడకుండా వెతకండి. ఆ ఉబ్బుకు కింద, రెండు చెవుల వెనుక ఉండే ఎముకల నడుమ, పుర్రె లోపల ఉంటుంది చిన్నమెదడు. పాఠ్యపుస్తకాల్లో దీని పేరు అనుమస్తిష్కం. దీనికి పైన పెద్దమెదడు వెనుక భాగం, ముందువైపు మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం ఉంటాయి.

బరువు సుమారు 150 గ్రాములు, మెదడు మొత్తంలో పదో వంతు. అయినా మెదడులోని దాదాపు 8,600 కోట్ల నాడీకణాల్లో 6,900 కోట్ల దాకా ఇందులోనే ఉన్నాయి. సన్నసన్నటి మడతలు ఉండబట్టే అన్ని కణాలూ అంత చిన్న చోటులో పట్టాయి.

ఇక దాని పని. మన తిరుపతివాళ్ళకు అలిపిరి మెట్లకన్నా మంచి ప్రయోగశాల లేదు. కొండ దిగేటప్పుడు మొదటి నాలుగు మెట్లూ చూసుకుంటూ దిగుతాం. తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడుతూనే దిగిపోతాం. దిగమని చెప్పేది పెద్దమెదడు. ఆ ఆజ్ఞ నకలు ఒకటి చిన్నమెదడుకూ వస్తుంది. కాలు నిజంగా ఎక్కడుందో కండరాలు, కీళ్ళు కబురు పంపుతాయి. ఒళ్ళు ఎటు ఒరిగిందో లోపలి చెవి చెబుతుంది. వీటిని పోల్చి, తేడా వస్తే చిన్నమెదడు అప్పటికప్పుడు దిద్దుతుంది. మెట్టు ఎత్తు మారినచోట ఒక్క అడుగు తడబడి, తర్వాతి అడుగులకు సర్దుకుంటాం కదా, ఆ సర్దుబాటు దీని పనే.

1820లలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫ్లూరెన్స్ పావురాల చిన్నమెదడు తీసేసి చూశాడు. వాటి కదలిక పోలేదు, పొందిక పోయింది. మనుషుల్లోనూ అంతే. ఇది దెబ్బతింటే చేయి పడిపోదు, గురి తప్పుతుంది. ఇంకో సంగతి: పెద్దమెదడు కుడి సగం ఎడమ చేతిని నడిపిస్తుంది. చిన్నమెదడులో ఎడమ వైపు దెబ్బతింటే తడబడేది ఎడమ చెయ్యే.

చిన్నమెదడు దెబ్బతిన్నా బలం పోదని నాకు ఆలస్యంగా తెలిసింది. మా వీధిలో పూలమ్మే పెద్దాయన ఒక ఉదయం తూలుతూ, వాంతి చేసుకుంటూ కనిపించాడు. మాట ముద్దగా ఉంది. పొద్దున్నే తాగాడని అందరూ పక్కకు తప్పుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. చేతుల్లో బలం ఉంది, మూతి వంకర పోలేదు, కాబట్టి పక్షవాతమన్న ఆలోచనే రాలేదు. స్కాన్‌లో చిన్నమెదడుకు రక్తం అందడం లేదని తేలింది. ఆయనకు తాగుడు అలవాటే లేదు. మద్యం కూడా చిన్నమెదడు పనినే చెడగొడుతుంది కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ రోజు పోయిన గంట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఉన్నట్టుండి ఎవరైనా ఇలా తూలితే ముందు 108కి ఫోన్ చేయండి. తాగారా లేదా అన్నది డాక్టర్లు చూసుకుంటారు.

ఇంటి అభ్యాసం: ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి మీ వేలు చాచండి. చూపుడు వేలితో తన ముక్కును, ఆ వెంటనే మీ వేలిని తాకమనండి. మీ వేలి చోటు మారుస్తూ పదిసార్లు చేయించండి. చిన్నమెదడు దెబ్బతిన్నవారికి గురి దగ్గరపడేకొద్దీ చేతి వణుకు పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న చేయి ఎంత తిన్నగా వెళుతుందో ముందు బాగా చూసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో మెదడు కాండం దగ్గరికి వెళదాం.