చీటీ మీది అక్షరాలు వేరు, బేలు బరువు వేరు

మాది టంగుటూరు. మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థల కంప్యూటర్) అసెంబ్లర్‌లో మాక్రోలు రాస్తూనే నా ఉద్యోగమంతా గడిచింది. మాక్రో అంటే ఒక్క లైన్ రాస్తే అసెంబ్లర్ దాని బదులు ఇన్‌స్ట్రక్షన్లు పుట్టించే మూస. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఎల్ అట్రిబ్యూట్ (ఫీల్డ్ పొడవు), కే అట్రిబ్యూట్ (మాక్రోకి ఇచ్చిన మాటలోని అక్షరాల లెక్క) దగ్గరే తడబడతారు. నేనూ అక్కడే పడ్డాను.

ఒక ఫీల్డ్‌ని ఇంకో ఫీల్డ్‌లోకి కాపీ చేసే మాక్రో రాద్దాం. పారామీటర్లు &టూ, &ఫ్రమ్. కాపీ చేసే ఇన్‌స్ట్రక్షన్ ఎంవీసీ. దానికి పొడవు ఇవ్వకపోతే పుచ్చుకునే ఫీల్డ్ పొడవే తీసుకుంటుంది. పంపేది కస్టిన్ అనే కస్టమర్ పేరు ఫీల్డ్, 12 బైట్లు. పుచ్చుకునేది 20 బైట్లు. అప్పుడు కస్టిన్ పక్కనున్న 8 బైట్లు కూడా కొట్టుకొచ్చేస్తాయి. ఈ మాక్రో అవసరం అందుకే.

ముందు ఏఐఎఫ్‌తో (అసెంబ్లర్‌కి 'ఇలా ఉంటే' అని చెప్పే మాట) టీ'&ఫ్రమ్ చూడండి. టీ ఆ పారామీటర్ రకం చెబుతుంది; 'ఓ' వస్తే ఆపరాండ్ (అక్కడ ఇవ్వాల్సిన ఫీల్డ్ పేరు) ఇవ్వలేదన్నమాట. ఎంనోట్ 8 (తీవ్రత 8 ఉన్న ఎర్రర్ సందేశం) పెట్టి, ఎంఎగ్జిట్‌తో మాక్రో నుంచి బయటికొచ్చేయండి. &టూకి కూడా అంతే.

తర్వాత సెట్ఏతో (వేరియబుల్‌లో సంఖ్య పెట్టే మాట) &లెన్‌లో ఎల్'&ఫ్రమ్ పెట్టండి. అది ఎల్'&టూ కంటే పెద్దదైతే &లెన్‌ని ఎల్'&టూకి తగ్గించండి. పొడవు 256 బైట్లు దాటితే ఎంవీసీ ఒక్కటి చాలదు, అక్కడా ఎంనోట్ ఇవ్వండి.

నేను మొదటిసారి ఎల్ బదులు కే రాశాను. కస్టిన్ అన్న పేరుకి ఇంగ్లిష్‌లో ఆరు అక్షరాలు. కస్టమర్ల పేర్లన్నీ ఆరు అక్షరాల దగ్గర తెగిపోయాయి. రెండు రోజులు ఒకటే టెన్షన్. మా ఊరి వేలం కేంద్రంలో పొగాకు బేలుకి చీటీ ఉంటుంది కదా, కే ఆ చీటీ మీది అక్షరాలు లెక్కపెడుతుంది. బేలుని కాటా మీద పెట్టేది ఎల్.

ఎంవీసీ రాసేటప్పుడు &టూ తర్వాత చుక్క మరవకండి: &టూ.(&లెన్). చుక్క లేకపోతే అసెంబ్లర్ దాన్ని సబ్‌లిస్ట్ (జాబితాలో ఫలానా నంబరు ముక్క) అనుకుంటుంది, అలాంటి ముక్క లేక ఆపరాండే మాయమవుతుంది.

ఇంకోటి. ఏఐఎఫ్ నిర్ణయాలన్నీ అసెంబ్లీ సమయంలోనే, అంటే ప్రోగ్రామ్ నడవకముందే, అయిపోతాయి. రైతు ఆకుని ఇంటి దగ్గరే గ్రేడ్ చేసి బేలు కట్టేస్తాడు, వేలంలోకి వెళ్లాక ఆకు మారదు. ఫీల్డ్‌లోకి రేపు వచ్చే డేటాని ఏఐఎఫ్‌తో పరీక్షించలేం, దానికి ప్రోగ్రామ్ నడిచేటప్పుడు పోల్చి చూసే సీఎల్‌సీ లాంటి మామూలు ఇన్‌స్ట్రక్షనే కావాలి.

చివరగా ప్రింట్ జెన్ (మాక్రో పుట్టించిన లైన్లూ చూపించమనే ఆదేశం) పెట్టి లిస్టింగ్ తీయండి. మాక్రో పుట్టించిన లైన్ల ముందు ప్లస్ గుర్తు ఉంటుంది. ఎంవీసీ ఆబ్జెక్ట్ కోడ్‌లో డీ2 (ఎంవీసీని సూచించే కోడ్) తర్వాతి బైట్ చూడండి, అది పొడవులో ఒకటి తక్కువ. 12 బైట్లకి 0బీ (హెక్సాలో 11) ఉండాలి. ఆ రోజు నాకు కనబడింది 05.