స్కర్టింగ్ (గోడ అడుగున నేల వెంట వేసే చెక్క పలక) బిగించే ముందు: గోడ అడుగున ప్లాస్టర్ గుంతలు పూడ్చేటప్పుడు జాగ్రత్తలు

ముందు చెమ్మ సంగతి తేల్చుకోండి. గోడ అడుగున పాలిథీన్ ముక్కను నాలుగువైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. దాని వెనక నీటి చుక్కలు పట్టినా, గోడ మీద తెల్లటి ఉప్పు పొడి కనిపించినా పని ఆపేయండి. చెమ్మ మీద పూడ్చి చెక్క బిగిస్తే ఏడాది తిరక్కుండా ప్లాస్టరూ, చెక్కా రెండూ పోతాయి.

కొత్త ప్లాస్టర్‌ను నేలకు తాకించవద్దు. ఓ 10 మి.మీ. ఖాళీ వదలండి; తాకితే అది నేలలోని తడిని పైకి పీలుస్తుంది. ఆ ఖాళీని స్కర్టింగే కప్పేస్తుంది.

సుత్తి పిడితో తట్టి చూడండి. బోలుగా మోగిన చోటల్లా గట్టి అంచు వచ్చేదాకా కొట్టేయాలి.

దుమ్ము దులిపి, ఇటుకను తడపండి. పొడి ఇటుక మాల్‌లోని (కలిపిన ప్లాస్టర్‌లోని) నీళ్లు లాగేసి పగుళ్లు తెస్తుంది.

లోతు 10 మి.మీ. దాటితే రెండు పూతలు. మొదటిది కాస్త బిగుసుకున్నాక, పూర్తిగా గట్టిపడకముందే గీతలు గీసి ఉంచితేనే రెండోది పట్టుకుంటుంది. లోతు గుంతల్లో పుట్టీ నింపకండి, అది పైపై నునుపుకే.

పొడవాటి మట్టపు కర్ర ఆనించి చూడండి. పూడ్చిన చోటు 2 మి.మీ. లోపలికి ఉన్నా ఫర్వాలేదు, ఉబ్బితే మాత్రం పలక పైఅంచున సందు పడుతుంది.

మరలు బిగించే చోట్లు, లోపలి పైపులు, వైర్లు ముందే గుర్తు పెట్టుకోండి. ప్లగ్ (మర పట్టుకోవడానికి రంధ్రంలో దూర్చే గొట్టం) ఇటుకలోకి దిగాలి. పూడ్చిన మాల్‌లో ఆగితే ఊడి వస్తుంది.